గురి రైఫిలునకు మజిల్ బ్రేకు

తుపాకి ప్రేలినపుడు భుజమునకు తగులు తాకుడులో కొంత, గుండు వెంట వెలువడు వాయువుల వలన కలుగును. గొట్టపు కొనకు మరతో బిగించి, ఆ వాయువులను ప్రక్కలకును వెనుకకును మరల్చు సాధనమే మజిల్ బ్రేకు. దాని రంధ్రము గొట్టపు రంధ్రముతో సూటిగా కుదురవలెను. లేనిచో గుండు రాచుకొనును. బిగించిన పిమ్మట గురిని మరల సరిచూచుకొనవలెను.

అయితే భుజమునకు కలిగిన సుఖము చెవికి కష్టమగును. వాయువుతోపాటు మ్రోతయు ప్రక్కవాని మీదికి మరలును. 140 డెసిబెళ్ళు దాటిన మ్రోత ఒక్కటైనను వినికిడిని శాశ్వతముగా చెఱుపవచ్చును. పెద్ద రైఫిళ్ళ మ్రోత అంతకు మించినదే. అంతర్జాతీయ షూటింగు సమాఖ్య తన రైఫిలు పోటీలలో దీనిని నిషేధించినది. కావున బిగింపదలచినవారు ముందుగా పోటీ నియమములు చూచుకొనవలెననియు, తమ చెవులతోపాటు పొరుగువాని చెవులను గూడ కాపాడవలెననియు నా మనవి.