సంతకమునకు ముందు ప్రశ్న
(బాన్సువాడ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మంజీరాజలములచే సస్యశ్యామలమైన యీ సీమలో మన సంఘము వారు మమ్ము విద్యావిషయమై మాటలాడుమని కోరిరి. వైద్యవిద్యను, ఇంజనీరింగును గూర్చి మీ రేటేట వినుచున్నారు. నేడు మేము ఆర్థికనేరముల నివారణమను విద్యను గూర్చి విన్నవింప దలచితిమి.

సంస్కృతోపాధ్యాయునకు బ్యాంకుల గొడవ యేల యని కొందరు నవ్వవచ్చును. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున నధికారులు రాజధనము నపహరించు మార్గములను నలువదింటిని లెక్కించినాడు. కావున విద్య ప్రాచీనమే; దానికి పరీక్షయు యోగ్యతాపత్రమును నేర్పడుటయే క్రొత్త.

ముందుగా మా తప్పు నొకదాని నొప్పుకొందుము. 1990వ దశకమున బ్యాంకులో ఖాతా తెరువవలెనన్న పాత ఖాతాదారు డొకడు పరిచయకర్తగా సంతకము చేయవలసి యుండెను. ఒకనా డొక యువకుడు మా యింటికి వచ్చి, తాను మన కులమువాడనని చెప్పి, మే మెరిగిన గ్రామము పేరొకటి పలికి, కాగితము ముందుంచెను. "మనవాడే గదా" యని మేము చేవ్రాలు చేసితిమి. కొలది నెలలలో నొక వితంతువునకు భర్త బీమాక్రింద రావలసిన చెక్కు ఆ ఖాతాలో జమయై, సొమ్ము మాయమయ్యెను. బ్యాంకువారు మమ్ము పిలిపించి, "వీని నెన్నాళ్లుగా నెరుగుదురు?" అని యడిగిరి. మాయొద్ద నుత్తరము లేకపోయెను. నిత్యము తరగతిలో పిల్లలను ప్రశ్నించు మేము ఆనా డొక్క ప్రశ్నయైన నడుగలేదు.

పెద్ద సంస్థలయందును రోగ మిదియే. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు, తమ లెక్కలలో జూపిన నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు వాస్తవముగా లేవని లేఖ వ్రాసెను. ఆ నిల్వలను బ్యాంకులనే నేరుగా నడిగి నిర్ధారించుకొనుటలో లెక్కల తనిఖీదారులు విఫలులైరని అమెరికా నియంత్రణసంస్థలు 2011లో తేల్చినవి. పల్లెలో మాకును, నగరములో వారికిని లోపించినది ప్రశ్నయే.

2004 నవంబరులో రిజర్వుబ్యాంకు, ఖాతాదారు నెరిగి వ్యవహరింపుడని నియమములను దృఢపరచినది. 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టము 2005 జూలై 1 నుండి యమలులోనికి వచ్చినది. పది లక్షలకు మించిన నగదు వ్యవహారములను, మొత్తము స్వల్పమైనను సందేహాస్పదమైనవానిని, బ్యాంకులు ఢిల్లీలోని ఆర్థిక నిఘావిభాగమునకు నివేదింపవలెను. అట్లు నివేదించిన సంగతి ఖాతాదారునకు తెలుపరాదు.

ఈ పనికి యోగ్యతాపరీక్షలు గలవు. 1928లో స్థాపితమై ముంబయిలో నున్న బ్యాంకింగు, ఫైనాన్సు సంస్థ యీ విషయమున సర్టిఫికెటు పరీక్ష నడుపుచున్నది. అమెరికాలోని ఆస్టిన్ నగరమున 1988లో నేర్పడిన సంఘ మొకటి 'సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్' అను పట్టము నిచ్చుచున్నది. దానికి పరీక్షతో పాటు రెండేండ్ల వృత్త్యనుభవమును, నీతినియమావళికి కట్టుబాటును గావలెను.

మన గ్రామీణ బాలబాలిక లిందుకు తగుదురా యని శంకింపకుడు. సెక్షన్లను వల్లించినంత మాత్రమున నీ విద్య రాదు. ఈ ధన మెవరిది? ఎచ్చటినుండి వచ్చెను? ఆతని జీవనమునకు సరిపోవుచున్నదా? అని యడిగి, కారణమును వ్రాసి పెట్టుటయే దీని సారము. వరికోతల కాలమున రైతు ఖాతాలో లక్షలు పడుట సహజమనియు, దుబాయినుండి కొడుకు నెలనెలా పంపుట సహజమనియు మన పిల్లలకు తెలియును. కళాశాల విద్యార్థి ఖాతాలో రాత్రికి రాత్రి లక్షలు పడి, తెల్లవారునప్పటికి పదిచోట్లకు తరలిపోవుట సహజము కాదనియు వారే చెప్పగలరు.

అట్టి ఖాతాలే నేడు మోసగాండ్రకు సొరంగములు. కమీషను కాశపడి పాసుపుస్తకమును, ఏటీఎం కార్డును పరులకిచ్చిన యువకుడు నేరములో భాగస్వామి యగును. మోసపోయినవారు సిగ్గుపడి దాచక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

బాంధవులారా! కులాభిమానము కష్టములో నాదుకొనుటకు మంచిది. లెక్క చూచుటకు పనికిరాదు. "మనవాడు" అనుమాట పరిచయమే గాని ప్రమాణము గాదు. మన సంఘ మేటేట నొక బాలునికిని, ఒక బాలికకును ఈ పరీక్షారుసుమును, పుస్తకముల వెలను భరింపవలెనని మా ప్రార్థన. వారు నేర్చిన పిమ్మట మొట్టమొదట మన సంఘపు జమాఖర్చుల పుస్తకమునే వారి ముందుంచుడు. వారడిగిన ప్రశ్నలకు పెద్దలు కోపింపక బదులు చెప్పుడు. ఆ వితంతువునకు మేము తీర్పలేకపోయిన ఋణములో నించుకయైన నట్లు తీరునని నమ్మి విరమించుచున్నాము.