పురానాపుల్



హైదరాబాదులో మూసీ నది మీద ఒక రాతి వంతెన ఉంది. దాని పేరు పురానాపుల్. ఉర్దూలో పురానా అంటే పాత, పుల్ అంటే వంతెన. పాత వంతెన అన్నమాట. ఎంత పాతది? దాన్ని కట్టింది 1578లో. హైదరాబాదు నగరానికి పునాది వేసింది 1591లో. పలక తీసి లెక్క వేయండి. 1591లో 1578 పోతే 13. ఊరు పుట్టడానికి 13 ఏళ్ల ముందే వంతెన పుట్టింది!

మరి ఊరే లేని చోట వంతెన దేనికి? దీనికి జనం ఒక కథ చెప్తారు. అప్పటి గోల్కొండ రాజు ఇబ్రహీం కుతుబ్ షా. ఆయన కొడుకు మహమ్మద్ కులీ. ఏటి అవతల ఉండే భాగమతి మీద అతను మనసు పడ్డాడట. ఒకనాడు మూసీ పొంగుతున్నా గుర్రాన్ని నీళ్లలో దింపాడట. కొడుక్కి ఏమవుతుందోనని తండ్రి వంతెన కట్టించాడట. కథ వినడానికి బాగానే ఉంది. కానీ కులీ పుట్టింది 1565లో. వంతెన నాటికి అతనికి ఎన్నేళ్లు? మళ్లీ 13 ఏళ్లే! నమ్మడం కష్టం.

అసలు అవసరం దారి. గోల్కొండ అప్పట్లో పెద్ద వ్యాపార కేంద్రం. సరుకు మచిలీపట్నం రేవుకు పోవాలి. మధ్యలో మూసీ అడ్డం. ఏరు వచ్చిందంటే బళ్లు ఒడ్డునే ఆగాలి. వంతెన పడ్డాక ఆ బాధ తప్పింది.

దీని పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు. కింద ఇరవైకి పైగా కమానులు. వరద నీళ్లు ఆ కమానుల్లోంచి పోతాయి. 1820లో నిజాం సికిందర్ జా కాలంలో దీన్ని బాగు చేయించారు.

1908 సెప్టెంబరు 28. ఆ రోజు పేరు చెప్తే పాతబస్తీలో ముసలివాళ్లు కంటతడి పెట్టుకునేవాళ్లు. పైన కుండపోత వాన. ఎగువన 200కు పైగా చెరువులు తెగాయి. ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా నగరం మీద పడ్డాయి. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. నయాపుల్ అంటే కొత్త వంతెన. అది కొట్టుకుపోయింది. చాదర్‌ఘాట్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన కూడా పోయాయి. పాత వంతెన మాత్రం దెబ్బలు తిని నిలబడింది.

తర్వాత ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద నీళ్లను ఎగువనే ఆపాలని ఆయన చెప్పారు. అలా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. ఆ చెరువులే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి.

అయినా మూసీని పూర్తిగా నమ్మడానికి లేదు. 2025 సెప్టెంబరులో ఆ రెండు చెరువులూ నిండితే గేట్లు ఎత్తారు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. ఒడ్డున ఇళ్లు వేసుకున్న పేదలు సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటపడ్డారు. నది జాగాలో గుడిసె ఎందుకు వేశారని అడగడం తేలిక. వేరే జాగా ఎక్కడుందో చెప్పడమే కష్టం.

ఇప్పుడు పెద్ద బళ్లకు పక్కనే వేరే వంతెన ఉంది. పాతదాని మీద గోనెపట్టాలు పరిచి, గంపలు దించి కూరగాయలు అమ్ముతుంటారు.