ఊరి మూలపురుషుడు, రాగిరేకు, రైతులు



ఈ ఉపన్యాసానికి వంశావళులను విషయంగా తీసుకున్నానని చెబితే పెద్దలు కొందరు నవ్వారు. తాటిపాకలో నిలబడి వంశాల ఊసెత్తితే ఇంటికొక మూలపురుషుడు లేచి కూర్చుంటాడు, తెల్లారినా సభ ముగియదన్నారు. నిజమే. అందుకే ఎవరి వంశం ఎంత పాతదో ఈ సాయంత్రం నేను తేల్చబోవడం లేదు. ఊరికి తొలి కుటుంబం ఫలానాదని చెప్పే వంశావళిని అసలు ఎవరు రాయించారు, ఏ అవసరం కొద్దీ రాయించారు? నాకున్న ప్రశ్న అదొక్కటే.

మన కోనసీమలో ఈ ప్రశ్నకు నందంపూడి రాగి శాసనమంత చక్కగా జవాబిచ్చేది ఇంకోటి లేదు. అంబాజీపేట దగ్గరి నందంపూడి మనకేమంత దూరమని? క్రీ.శ. 1053లో చంద్రగ్రహణ సమయాన చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు ఆ ఊరిని నారాయణభట్టుకు అగ్రహారంగా ధారపోశాడు. భారత రచనలో నన్నయకు తోడుగా నిలిచిన నారాయణభట్టే ఈయన. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న మన నేలకు ఆనాటి పేరు రెండేరుల నడిమి విషయం; విషయమంటే ఇక్కడ పరిపాలనా విభాగం. శాసనం కూర్చినవాడు స్వయానా నన్నయభట్టు.

అందులో రెండు వంశావళులున్నాయి. ఒకటి రాజుది. చంద్రుడితో మొదలై పాండవుల మీదుగా, అయోధ్య ఏలిన 59 మంది చక్రవర్తుల మీదుగా నడుస్తుంది. దక్షిణానికి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో పోరి చనిపోవడం, గర్భవతి అయిన ఆయన రాణి ముడివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి ఇంట తలదాచుకోవడం ఆ కథలోవే. చాళుక్యుల పాత శాసనాల్లో ఈ కథ ఇంత పొడుగు లేదు. తరాలు గడిచేకొద్దీ పూర్వీకుల సంఖ్య పెరిగింది. రాజులకు అది మామూలే.

రెండోది నారాయణభట్టుది. ముత్తాత కంచెన సోమయాజి, తాత కంచెనార్యుడు, తండ్రి అకలంకశంకనామాత్యుడు, తల్లి సామెకాంబ. గోత్రం, సూత్రం, ఆయన నేర్చిన భాషలు. ఇందులో చంద్రుడు లేడు, అయోధ్య లేదు. దానం పుచ్చుకున్నవాడు ఫలానావాడేనని రేపు ఎవరైనా అడిగితే చూపడానికి ఎంత కావాలో అంతే ఉంది. చరిత్రకారుడిగా నాకు ఈ పొట్టి వంశావళి మీదే నమ్మకం ఎక్కువ. తల్లి పేరు చెక్కించినందుకు కాస్త గౌరవం కూడాను.

ఇక్కడ ఒక విషయం చూడండి. స్నేహితుడి ముత్తాత పేరు దాకా రాగి మీదికి ఎక్కించిన నన్నయ, తన తండ్రి పేరు మనకు చెప్పలేదు. భారత అవతారికలో తన గోత్రం, సూత్రం చెప్పుకున్నాడు, అక్కడితో ఆగాడు. నందంపూడి రేకు మీద కర్త నన్నయభట్టు, లేఖకుడు గండాచార్యుడు అని ఉంటుంది. ఇద్దరికీ వంశావళి లేదు. ఆ రేకు మీద భూమి రాసింది నారాయణభట్టుకు. తరాలు లెక్కపెట్టవలసిన పని ఆయన విషయంలోనే పడింది.

సరే, నారాయణభట్టు నందంపూడిని పుట్టించాడా? లేదు. ఆ రెండేరుల నడిమి విషయంలో నివసించే రాష్ట్రకూటులు, అంటే సీమ పెద్దలు, మొదలైన కుటుంబులందరినీ పిలిపించి రాజు ఈ దానం ప్రకటించాడని శాసనమే చెబుతోంది. కుటుంబులంటే కాపురం చేసుకుంటూ నేల దున్నుతున్న రైతులు. వాళ్లు అప్పటికే ఉన్నారు. పొలిమేరలు ఉన్నాయి, పక్క ఊళ్లున్నాయి, పన్ను కట్టడానికి పంట ఉంది. ఉన్న ఊరికే కొత్త యజమాని వచ్చాడు. పిలిచి నిలబెట్టిన రైతుల్లో ఒక్కడి పేరూ చెక్కలేదు. తరవాతి కాలంలో ఇలాంటి అగ్రహారికుడే ఊరికి మూలపురుషుడవుతాడు. రేకు ఆయన చేతిలో ఉంది మరి.

ఇది మన ఒక్కరి అలవాటు కాదు. ఒకప్పుడు మచిలీపట్నం రేవులో వర్తకం చేసిన ఆర్మీనియన్ల సంగతి చూడండి. వాళ్ల చరిత్ర పితామహుడిగా పేరుపడ్డవాడు మొవ్‌సెస్ ఖొరెనాత్సి. 5వ శతాబ్దివాడని వాళ్ల నమ్మకం, అంత పాతవాడు కాదని కొందరు పండితుల వాదం. హైక్ అనే వీరుడు బాబిలోను విడిచి, కొడుకులతో మనుమలతో ఉత్తరానికి కదిలి, హైకషేన్ అనే ఊరు కట్టాడని ఆయన రాశాడు. ఆర్మీనియన్లందరికీ ఆ హైకే మూలపురుషుడు. కానీ హైక్ మొదట దిగిన కొండ పాదాన అప్పటికే కొద్దిమంది మనుషులున్నారనీ, వాళ్లను అతను లోబరచుకున్నాడనీ అదే పుస్తకంలో ఒక వాక్యం ఉంది. వాళ్ల పేర్లు లేవు. ఆ గ్రంథం రాయించిన ప్రభువు సాహక్ బగ్రాతుని. ఆయన వంశం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం అందులో వివరంగా ఉంది!

మన దగ్గరికి వద్దాం. దొరల కాలంలో 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను పెట్టింది. ఇనాందారులు కాగితాలు పట్టుకుని వరస కట్టారు. మొదట పుచ్చుకున్నది ఎవరు, ఇచ్చిందెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడికి ఆయనతో చుట్టరికమేమిటి అని రిజిస్టరులో గడులున్నాయి. మనం తాతల నాటి వంశవృక్షం అంటూ పటం కట్టి గోడకు తగిలించుకున్నవాటిలో కొన్ని, ఆ గడులు నింపడానికి కరణంగారు కూర్చినవే అయినా నేను ఆశ్చర్యపోను. ఇప్పుడు తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం రాసిచ్చేదీ ఆ కోవలోదే. చమురు గ్యాసుల కోసం నేల తీసుకునే సీమ మనది, పరిహారం మాట రాగానే మరిచిపోయిన మేనత్త కూడా వంశంలోకి వస్తుంది. ఆవిడ రావడం మంచిదేలెండి.

భూమి కాగితం లేనివాళ్ల వంశం ఎక్కడుంది? నోటి మీద ఉంది. రైతు కులాల గోత్రాలు, ఇంటిపేర్లు పిచ్చుకుంట్లవాళ్లు చెప్పి త్యాగం, అంటే కానుక, పుచ్చుకునేవారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు పటం విప్పి కులపురాణం చెప్పేవారు. శాసనంలో పేరు దక్కని కుటుంబుల వారసుల చరిత్ర ఇటువైపే ఎక్కువ మిగిలింది. దాన్ని పుక్కిటి పురాణమని తోసేసే చదువరులు, చంద్రుడి నుంచి మొదలైన రాజుగారి వంశావళిని మాత్రం పాఠ్యపుస్తకంలో పెట్టుకున్నారు. ఈ రెండింటినీ ఒకే అనుమానంతో, ఒకే శ్రద్ధతో చదవాలన్నది నా పట్టు.

ఇక కాగితాల సంగతి. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. కరణాలు రాసిన దండకవిలెల్లో, అంటే ఊరి లెక్కల పుస్తకాల్లో, కొన్ని ఆఫీసులకు చేరి ఉంటాయి, కొన్ని అటకల మీద ఉంటాయి. ఉన్నవాళ్లు పారేయకండి, చెదపురుగుకు వదలకండి. మన బడిపిల్లలు ఫోనుతో ఫొటోలు తీసిపెడతారు. అదే పిల్లలను పేటల్లోకీ పంపండి. తాత పేరు, నాయనమ్మ పేరు, ఏ లంక నుంచి ఎప్పుడు వచ్చారు, ఎవరి చేను చేశారు అని అడిగి రాసుకురమ్మనండి. రెండు కట్టలూ ఒకే బీరువాలో పెడదాం.