మచ్చలు మాయని సమాధానం

దుఃఖం తగ్గితేనే సమాధానం, అంటే మనశ్శాంతి, దొరుకుతుందన్న భావన క్రైస్తవ సంఘాలలో బలంగా నాటుకుపోయింది గాని, సువార్త ఆ రెంటినీ ముడిపెట్టదు. యోహాను సువార్త 20వ అధ్యాయంలో, భయంతో తలుపులు మూసుకొని ఉన్న శిష్యుల మధ్య నిలిచిన పునరుత్థాన క్రీస్తు వారికి సమాధానం పలికిన వెంటనే తన చేతులనూ ప్రక్కనూ చూపాడు. మరణాన్ని జయించిన దేహం మీద కూడా మేకుల గుర్తులు మిగిలే ఉన్నాయి.

గాయం మానినా గుర్తు మిగులుతుందన్న ఈ మాటకు కళ్లెదుటి సాక్ష్యం ఉంది. ఒకప్పటి ఉమ్మడి నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లిలో, మెథడిస్టు మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో కుష్ఠురోగులకు ఆస్పత్రి నెలకొల్పారు; దానికి పెద్ద విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువన్న సంగతిని క్రైస్తవులు కృతజ్ఞతతో తలచుకోవాలి. ఆనాటి రోగిని జబ్బు కంటే వెలి ఎక్కువగా కుంగదీసేది: ఇల్లు, పొలం, బావిగట్టు, ఆలుబిడ్డలు ఒక్కసారిగా దూరమయ్యేవారు. చాల్‌మోగ్ర నూనె, అంటే ఒక జాతి అడవిచెట్టు గింజల నుంచి తీసే నూనె, సూదిమందుగా నెలల తరబడి ఎక్కించేవారు. అది బాధాకరమైన వైద్యం. 1980ల నుంచి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే బహుళౌషధ చికిత్స వచ్చి రోగం పూర్తిగా నయమవుతున్నా, చచ్చిన నరాలు తిరిగి రావు. నయమైన మనిషి కూడా స్పర్శ తెలియని అరచేతిని రోజూ తిప్పి చూసుకోవాలి: పొయ్యి సెగకు బొబ్బ లేచిందా, ముల్లు దిగిందా అని. రోగం పోయినా మచ్చ ఉంటుంది, ఆ మచ్చతోనే బతుకు మళ్లీ మొదలవుతుంది. ఆత్మీయుల్ని పోగొట్టుకున్న మనసు కోలుకునే తీరూ ఇంతకంటే భిన్నం కాదు.

అందుకే ఏడుపును అవిశ్వాసంగా చూసే బోధ తప్పు, చాలాసార్లు క్రూరం కూడా. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీరు పెట్టాడు. బైబిలులోని 150 కీర్తనలలో విలాప కీర్తనలు, అంటే దేవుని ఎదుటనే మొరపెట్టి నిలదీసే ప్రార్థనలు, ఎన్నో ఉన్నాయి. వాటిలో 88వది చీకటిలోనే ముగుస్తుంది. ఆశ కనిపించని ఆ ప్రార్థనను కూడా తీసివేయకుండా భద్రపరచిన గ్రంథం, దుఃఖించేవారిని నోరు మూసుకొమ్మని చెప్పదు.

మానసిక ఆఘాతం, అంటే ప్రమాదమో హింసో కళ్లారా చూసిన తరువాత నిద్రలో ఉలిక్కిపడటం, ఆ దృశ్యం పదేపదే మెదలడం వంటి స్థితి, ప్రార్థనతో పాటు వైద్యాన్నీ కోరుతుంది. డిచ్‌పల్లిలో ప్రార్థన, చికిత్స ఒకే ఆవరణలో సాగినట్టే, ఈనాటి సంఘకాపరి బైబిలు చదివి వినిపిస్తూనే ప్రభుత్వ టెలి మానస్ ఉచిత సేవ నంబరు 14416 కూడా అలాంటి బాధలో ఉన్న ఇంటివారికి రాసి ఇవ్వాలి.

భూస్థాపన తరువాత ఇంటి దగ్గర జరిగే ఆదరణ కూడికలో పాటలు, వాక్యం, భోజనం అన్నీ సక్రమంగానే ఉంటాయి. కానీ బంధువులు ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయాక, రెండో నెలలో, మూడో నెలలో ఆ గడప తొక్కేవారే అరుదు. సంఘంలోని స్త్రీల సమాజం వంతులవారీగా వారానికి ఒక సాయంత్రం ఆ ఇంట కూర్చోగలిగితే, పోయినవారి పేరెత్తి మాట్లాడుకోవడానికీ, అవసరమైతే మాటల్లేకుండా ఏడవడానికీ ఆ కుటుంబానికి ఒక తోడు దొరుకుతుంది.