చిత్తరువులోని నిబ్బరము

(మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఒక వ్యక్తి రూపమును పటమునకెక్కించుట యనిన పోలిక తెచ్చుట మాత్రమేయని పలువురు తలంతురు. పోలికను ఛాయాచిత్రమును తేగలదు. ఆ వ్యక్తిలోని నిబ్బరము చూపరికి తోచునట్లు చేయుట చిత్రకారుని పని. అందులకు ఆయనకు గల గొప్ప సాధనము రంగులను ఎదురెదురుగా నిలుపు నేర్పు.

నూలు మిల్లులకు పేరొందిన ఈ రాజపాళయమున ఈ విషయమును అద్దకమునుండి మొదలిడుట సులభము. పారిస్ నగరమందలి గోబెలిన్ కర్మాగారము బొమ్మల తెరలు నేయుటకు ప్రసిద్ధము. అచ్చట 1824 మొదలు అద్దకశాఖకు అధిపతిగా నుండిన షెవ్రేల్ అను రసాయనశాస్త్రజ్ఞునికి, నల్లనూలు వెలవెలబోవుచున్నదని ఫిర్యాదు వచ్చెను. పరీక్షింపగా అద్దకమున దోషము లేదు. నేతలో ప్రక్కనున్న రంగులే దాని పసను తగ్గించుచుండెను. 1839లో ఆయన ప్రకటించిన గ్రంథమునకు ఇదియే మూలము. ఏ రంగును ఒంటరిగా కనబడదు. పొరుగు రంగునుబట్టి అది వెలుగును, లేదా మాయును. ఎఱ్ఱచీరకు ఆకుపచ్చ అంచు వేయు మన నేతగాండ్రు చేతి అనుభవముచే ఎరిగినదియు ఇదియే.

ఈ సూత్రమునకు మన తెలుగువారిలో చక్కని నిదర్శనము శ్రీ తోట వైకుంఠముగారి చిత్రములు. ఆయన 1942లో నాటి కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో జన్మించిరి. హైదరాబాదులో చిత్రకళ నభ్యసించి, పిమ్మట బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారివద్ద శిష్యరికము చేసిరి. 1988 నాటి ‘దాసి’ చలనచిత్రమునకు కళాదర్శకత్వము వహించి జాతీయ పురస్కారము పొందిరి.

ఆయన గీయు స్త్రీలు తెలంగాణ పల్లెవాసులు. మేనిచాయ నలుపు, లేక ముదురు గోధుమవన్నె. నుదుట రూపాయంత కుంకుమబొట్టు. చీర మంకెనపూవు వలె ఎరుపు, లేదా కాషాయము. రవివర్మ వంటివారు నూనెరంగులలో వెలుగునీడలను మెల్లగా కలిపి ముఖమునకు గుండ్రదనము తెచ్చిరి. వైకుంఠముగారు అట్లుగాక, నిండు రంగును నిండు రంగు ప్రక్కనే నిలిపి, నడుమ గట్టి రేఖ దిద్దుదురు. నల్లని చెక్కిలి ప్రక్క ఎరుపు మరింత మండును; ఆ ఎరుపుచేత నలుపు మరింత చిక్కనగును. ఒకటి మరియొకదానిని తగ్గింపదు.

ఆ స్త్రీలు చేతులెత్తి వాదింపరు, కన్నీరు కార్పరు. నిలుకడగా కూర్చుండి చూచుచుందురు. రంగులంత ఉద్ధృతముగా నుండగా ముఖము నిశ్చలముగా నుండుటచేత ఆ నిశ్చలతయే బలముగా తోచును. ముఖమునందును ఉద్రేకమే యున్నచో రెండును కలిసి గోలయగును.

ఇందు మనకు సంబంధించిన సంగతి యొకటి కలదు. మన ఇండ్ల గోడలపై పెద్దల పటములున్నవి. అవి పాతబడగా క్రొత్తగా వ్రాయించునపుడు ముఖమును కొంత తెలుపు చేయుమని కోరువారు పెక్కురు. ఎండలో పొలము చూచి, సంసారమీదిన అవ్వ నలుపు కడిగివేసినచో మిగులునది అవ్వ కాదు. పైగా తెల్లచీర ప్రక్క తెల్లముఖము నిలిపినచో రెండును వెలవెలబోవును. ఆ పటము క్రింద ఆడుకొను నల్లని మనుమరాలు తన చాయ దాచదగినదని నేర్చుకొనును. ఈ నష్టము రంగుల నష్టముకంటె పెద్దది.

కావున నా మనవి యిది. పటము వ్రాయించువారు చాయను మార్పింపకుడు. చీర రంగు, అంచు రంగు, బొట్టు పరిమాణము ఇంటి పెద్దలనడిగి చిత్రకారునికి తెలుపుడు. అడుగున పేరును తమిళముతో పాటు తెలుగు లిపియందును వ్రాయింపుడు. రెండు లిపులు ప్రక్కప్రక్కన నిలిచినంతమాత్రమున ఏదియు చిన్నబోదు.