తీరం కోత – పరిశోధకుల ప్రశ్నలు

వాతావరణం మారుతున్న ఈ కాలంలో తీరవాసులు ప్రమాదాలను ఎలా తట్టుకొంటున్నారన్న విషయంపై డాక్టరేటు కోసం పరిశోధించే విద్యార్థులు ఒడిశా తీరపు జాలరి పల్లెలకు వస్తూ ఉంటారు. "ఈ ప్రశ్నల వల్ల మాకేమి ఒరుగుతుంది?" అని పెద్దలు అడగటం సహజమే. దానికి జవాబు చెప్పుకోవటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ప్రమాదాన్ని శాస్త్రజ్ఞులు మూడు భాగాలుగా చూస్తారు. గాలి, కెరటం వంటి ముప్పు ఒకటి. దాని దారిలో మనమూ మన ఇల్లూ ఉండటం రెండవది. దెబ్బ తగిలితే తట్టుకొనే శక్తి చాలకపోవటం మూడవది. ఒకే గాలికి మిద్దె నిలుస్తుంది, తాటాకుల ఇల్లు ఎగిరిపోతుంది. గాలిని ఆపలేం. తక్కిన రెండింటినీ తగ్గించుకోవచ్చు.

తుఫాను విషయంలో ఒడిశా ఈ పాఠం నేర్చుకొంది. 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుఫానులో దాదాపు 10,000 మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. అప్పుడు ముందుగానే దాదాపు 10 లక్షల మందిని తరలించారు. ఆస్తినష్టం అపారమైనా మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. 2020లో గంజాం జిల్లాలోని వెంకటరాయిపురం సునామీకి సన్నద్ధమైన గ్రామంగా యునెస్కో గుర్తింపు పొందింది.

కాని తీరం కోత సంగతి వేరు. తుఫాను ఒక రాత్రి వచ్చి పోతుంది. కోత ఏడాది పొడుగునా సాగుతుంది. దానికి సైరను మోగదు, తలదాచుకొనే భవనం లేదు. ఋషికుల్యా నది మొగకు దగ్గరలోని పొడంపేట ప్రజలు తమ పాత ఊరు వదిలి లోపలికి తరలిపోవలసి వచ్చింది. మన తూర్పుతీరంలో ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవుకోసం కట్టిన రాతిగోడ అడ్డుపడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు తెగుతుంది. సముద్రమట్టం పెరగటం దీనికి తోడవుతోంది.

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోతవల్ల ఊరు వదిలినవారి పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సిఫారసు చేసింది. అయితే ఏ ఊరికైనా సాయం అడగాలంటే ఒడ్డు ఎంత తెగిందో చూపించాలి. ఇక్కడే పరిశోధన అవసరం కనబడుతుంది. ఉపగ్రహ చిత్రం ఒడ్డు గీతను చూపుతుంది. కాని ఏ బావి ఎప్పుడు పోయింది, తెప్పలు లాగే చోటు ఎన్నిసార్లు మారింది, వేట మాని ఎందరు కుర్రవాళ్లు పరాయి రేవులకు వలసపోయారు అన్నది ఊరివాళ్లే చెప్పాలి.

ఒడియావారు నోళియాలని పిలిచే మన జాలరుల ఇంటి భాష తెలుగు. గాలులకూ అలలకూ ఉన్న పేర్లు వారికి ఆ భాషలోనే వస్తాయి. కనుక పరిశోధకులను తెలుగులో అడగమనండి. పని పూర్తయ్యాక అందులోని సారాంశాన్ని తెలుగులో ఊరికి చదివి వినిపించమనండి. అది కోరటం మన హక్కు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. బడి గోడనుంచి పోటునీరు తాకిన గుర్తుదాకా ప్రతి పున్నమినాడు పెద్దల తోడుతో పిల్లలచేత తాడుతో కొలిపించి, తేదీతో నోటుపుస్తకంలో రాయించండి. ఖర్చులేని పని. పదేళ్లకు ఆ పుస్తకమే ఊరి తరఫు సాక్ష్యం అవుతుంది.