బాలింత దిగులు

ప్రసవించిన తొలిదినముల కన్నీరు సాధారణముగా రెండు వారములలో ఆరిపోవును. ఆరనిచో నది వ్యాధి. క్రొత్తతల్లులలో నూటికి సుమారు 13 మందికి మనోవ్యాధి, ముఖ్యముగా దిగులు, కలుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

నాకడ చదువుకొన్న యొక యమ్మాయి బిడ్డను చూడక గోడవైపు తిరిగి పండుకొనియుండగా, ఇంటివారు సోమరితన మనిరి. గాలి సోకునని బాలింతను చీకటిగదిలో నుంచు మనవారు, దిగులు సోకునని వెరవరు! వైద్యురాలికి చూపించిన పిదప, నా మాటపై, ఉదయపుటెండవేళ వేపచెట్టు క్రింద మంచము వేసిరి. పొరుగింటి యిల్లాలు బిడ్డను ఎత్తుకొనగా, ఆమె బీరపాదు వరకు నాలుగడుగులు నడచెడిది. మాటలాడుమని యెవరును బలవంతపెట్టలేదు.

ఇంగ్లండులో 2021లో ఏడు ప్రాంతములందు, మనస్సు క్రుంగినవారిని తోటపనికిని నడకకును పంపు ప్రయత్న మారంభమయ్యెను. అయినను చెట్టు వైద్యునికి మారు కాదు. బ్రతుకు వలదన్న మాట తల్లినోట వచ్చినచో, ఒంటరిగా విడువక, ఆ దినముననే వైద్యుని కడకు గొనిపోవలెను.